అందరికీ మూల చిల్లు

1961 జూన్‌లో నన్ను కోట అనే ఊళ్ళో ఉద్యోగంలో వేశారు. హోదా టాబులేటింగ్ సూపర్వైజరు. కంపెనీ అభ్రకం ఎగుమతి చేసేది. మా జిల్లావాళ్ళు అభ్రకాన్ని కాకిబంగారం అంటారు. గనులు గూడూరుకు అవతల, ఎగుమతి మద్రాసు నుంచి, రాళ్ళను రేకులుగా చీల్చే షెడ్డు మాత్రం కోటలో. ఎందుకని అడిగితే అది యజమాని గారి అత్తగారి ఊరని చెప్పారు. వాణిజ్య భూగోళం మీద నాకు దొరికిన మొదటి పాఠం అది.

1968లో ఉద్యోగ విరమణ చేశాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. విరమణ అన్నది నేను ఎంచుకున్న మాట కాదు. హెడ్డాఫీసువాళ్ళు మద్రాసులో కంప్యూటరు మీద లెక్కలు కట్టించడం మొదలుపెట్టి, కోటలో రిటైరు చేయవలసిన వాటి జాబితా పంపారు. సార్టరు, టాబులేటరు, పంచింగ్ మిషన్లు, గ్యాంగ్ పంచ్, వాటి కింద సూపర్వైజరు. జాబితాలు రాయడం నా వృత్తి కాబట్టి తప్పు పట్టలేకపోయాను. వరస హోదా ప్రకారమే ఉంది.

సర్వీసు ముగించిన ఇంజినీర్లు సాధారణంగా తాము కట్టిన ఆనకట్టల గురించి, వేసిన రోడ్ల గురించి రాస్తారు. నేను కట్టిందేమీ లేదు. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గ పని ఒక నాశనం. దాని గురించే రాస్తున్నాను.

ముందు యంత్రాల సంగతి. కార్డు అంటే పోస్టుకార్డు కన్నా కాస్త పొడవైన బిరుసు అట్ట. అందులో ఎనభై నిలువు గళ్ళు, పన్నెండు అడ్డ వరసలు. ఏ గడిలో, ఏ వరసలో చిల్లు పడిందో అదే సమాచారం. చిల్లులు కొట్టేది పంచింగ్ మిషన్, ఆ చిల్లులను బట్టి కార్డులను వేరువేరు అరల్లో పడేసేది సార్టరు, వాటిని చదివి లెక్క కట్టి అచ్చు వేసేది టాబులేటరు. తూర్పు గాలి తిరిగినప్పుడు కార్డులు చెమ్మకు ఉబ్బి సార్టరులో ఇరుక్కునేవి. అది సముద్రం తప్పు. అయినా సంజాయిషీ మాత్రం నన్నే అడిగేవారు.

షెడ్డులో పనిచేసే ప్రతి ఆడమనిషికీ ఒక లేబరు కార్డు ఉండేది. టోకెను నంబరు, పేరు కార్డు పైన అచ్చులో ఉంటాయి. మిగతాదంతా చిల్లుల్లో ఉంటుంది. ఎనభయ్యో గడిలో, అన్నిటికన్నా పై వరసలో, అంటే కార్డు కుడివైపు మూలన పడే చిల్లుకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది: ఛాతీ పరీక్షలో అనుమానం. కాకిబంగారం దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని కంపెనీకి తెలుసు. అందుకని డాక్టరును పిలిపించి పరీక్షలు చేయించేది. పరీక్ష ఫలితంతో కంపెనీ చేసే వైద్యం ఒక్కటే, మూలన చిల్లు కొట్టడం. ఆ చిల్లు పడినవాళ్ళ కార్డులను సార్టరు విడిగా తీస్తుంది. గుమాస్తా ఆ కట్ట చేతబట్టుకుని షెడ్డుకు వెళ్ళి పేర్లు పిలుస్తాడు. పిలిపించుకున్నవాళ్ళకు మర్నాటి నుంచి పని ఉండదు.

కార్డు చదవడం రహస్యమైన విద్య అని మా ఆఫీసులో అందరికీ గట్టి నమ్మకం. షెడ్డులో ఆ నమ్మకం లేదు. గుమాస్తా చేతిలోని కట్టను ఒకటికి రెండుసార్లు చూశాక అక్కడ ప్రతి ఒక్కరికీ ఆ ఒక్క చిల్లు చదవడం వచ్చింది. దానికి మూల చిల్లు అని పేరు పెట్టుకున్నారు. తిట్టుగా కూడా వాడేవారు.

మా పంచింగ్ సెక్షన్‌లో సలోమి అని ఒకమ్మాయి పనిచేసేది. మిషన్ స్కూల్లో చదువుకుంది. తప్పు కొట్టదు, మాట పడదు. ఆమె అక్క కరుణమ్మ షెడ్డులో రేకులు చీల్చేది. కరుణమ్మకు ఒక ఏడాది ఛాతీలో నీడ కనిపించింది. తన అక్క కార్డుకు మూల చిల్లు సలోమే కొట్టాల్సి వచ్చింది, ఆ రోజు వంతు ఆమెది. కరుణమ్మ మిషన్ ఆసుపత్రిలో చేరి, సూదులు వేయించుకుని, పూర్తిగా నయమై తిరిగి వచ్చింది. పనికి తగినదే అని ఆసుపత్రి డాక్టరు చీటీ కూడా రాసిచ్చారు. కరుణమ్మ చీల్చిన రేకు పల్చదనం మద్రాసు దాకా పేరుపొందింది కాబట్టి కంపెనీ ఆమెను మళ్ళీ తీసుకుంది. కార్డు మాత్రం పాతదే. చిల్లు కొట్టే యంత్రాలు మా దగ్గర ఉన్నాయి గాని చిల్లు పూడ్చే యంత్రం లోకంలో ఎక్కడా లేదు. కొత్త కార్డు కొట్టించమని మేనేజరు గారిని అడిగితే, ఉన్న కార్డు శుభ్రంగా ఉండగా ఇంకొకటి ఎందుకన్నారు.

మేనేజరు రంగనాయకులు గారు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేరి, స్టేషన్ మాస్టరుగా రిటైరై మా కంపెనీకి వచ్చారు. నిజాయితీపరులు. వేళ తప్పేవారు కాదు. ఆఫీసులో దేన్ని చూసినా ఆయనకు రైల్వేయే కనిపించేది. మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి వదలడానికి కూడా గంట కొట్టించేవారు.

హెడ్డాఫీసు జాబితాతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. షెడ్డును వేరే యజమానికి అప్పగిస్తున్నాం, యంత్రాలను అమ్మేస్తున్నాం, కార్డుల్లోని సమాచారం పరాయివాళ్ళ చేతిలో పడకుండా భద్రంగా నాశనం చేసి ధ్రువపత్రం పంపండి అని. ఇది నాకు అర్థమయ్యే భాష. వెంటనే ఒక నోటు రాశాను. కార్డులు కట్టగా ఉంటే కాలవు, అంచులు మాడి లోపల చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి కాల్చడం పనికిరాదు. చింపితే అతికించుకోవచ్చు. పూడిస్తే తవ్వుకోవచ్చు. తొట్టెలో నానబెట్టి, గుజ్జుగా దంచి ఆరబెట్టడం ఒక్కటే మార్గం. కావలసినవి: తొట్టె, రోకళ్ళు, మనుషులు, ఎండ. చివరిది కోటలో ఉచితం అని కూడా రాశాను.

రంగనాయకులు గారు నోటు చదివి నన్ను పిలిపించారు. ఒక లేబరు కార్డు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"ఏమిటివి?"

"చిల్లులు సార్."

"ఎవరు కొట్టారు?"

"మనమే సార్."

"ఇంజినీరూ, నా సర్వీసంతా టికెట్ల మధ్యనే గడిచింది. చిల్లు పడిన టికెట్టుతో రెండోసారి రైలెక్కిన మనిషిని నేను చూడలేదు. ఇది ఎప్పుడో రద్దయిపోయింది. రద్దయినదాన్ని మళ్ళీ దంచడం దేనికి?"

చిల్లే సమాచారమని చెప్పాను. నాకు పని తక్కువై ఇలా మాట్లాడుతున్నానన్నారు. అసలు ప్రమాదం ఎక్కడుందో ఆయనే వివరించారు. చిల్లు పడని కార్డులు, అంటే బీరువాలో కట్టలు విప్పకుండా ఉన్న ఖాళీ కార్డులు. అవి ఎవరి చేతికైనా చిక్కితే ఏ చిల్లయినా కొట్టుకుని వాడుకోవచ్చు కదా. స్టేషన్లో దొంగతనం జరిగితే పోయేది వాడని టికెట్లే కాని, వాడినవి కాదు.

ఆ విధంగా మా కంపెనీ ఖాళీ కార్డులను కట్టుదిట్టంగా నాశనం చేసింది. మేనేజరు, అకౌంటెంటు, నేను కలిసి ఒక కమిటీ. ఆఫీసు వెనక ఇసుకలో గొయ్యి తీయించారు. కట్టలు కాలవని నేను ముందే రాశాను కాబట్టి విడదీసి వేయమన్నారు. నా నోటులో అమలు జరిగిన వాక్యం అదొక్కటే. విడదీయగానే సముద్రపు గాలికి కార్డులు లేచి పక్కనున్న వరిచేలో పడ్డాయి. అకౌంటెంటు గారు పంచె ఎగ్గట్టి గట్ల వెంట పరుగెత్తి ఒక్కొక్కటే ఏరుకొచ్చారు. చేను తాలూకు రైతు గట్టు మీద నిలబడి, "ఏంది సామీ, నోట్లా?" అని అడిగాడు. కావు, ఏమీ రాయని కార్డులని చెప్పారు. "ఏమీ రాయనిదానికి ఇంత పరుగెందుకు సామీ?" అని అతను తన దారిన పోయినాడు. ఆఖరి కార్డు బూడిదయ్యేదాకా మేనేజరు గారు కదల్లేదు. ఏమీ లేని సమాచారాన్ని అంత భద్రంగా నాశనం చేసిన సంస్థ దేశంలో మరొకటి ఉండదని నా నమ్మకం.

తర్వాత టాబులేటరు దగ్గరికి వచ్చి, దీనికేమైనా గుర్తుంటుందా అని అడిగారు. చక్రాలన్నీ సున్నాకు తిప్పి చూపించాను. సున్నాలను ఒక్కొక్కటిగా చదివి తృప్తిపడ్డారు. ఎందుకైనా మంచిదని ఫినాయిలు గుడ్డతో తుడిపించారు.

ఇంతవరకు ఇది నవ్వుకునే సంగతే. ఆ వారంలోనే పిచ్చయ్య మేస్త్రీ వచ్చాడు.

షెడ్డు కొన్న కొత్త యజమాని తరఫున మనుషుల్ని కుదిర్చే పని పిచ్చయ్యది. మేనేజరు గారి ముందు చేతులు కట్టుకుని, "ఆ ఆడోళ్ళ అట్టలు నాకిప్పించండి సార్. మనుషుల్ని ఏరుకోవాల గదా" అన్నాడు.

"చదవడం వచ్చా నీకు?"

"చదవేంది సార్. మూల జూస్తే చాలు."

మేనేజరు గారికి అది వినోదంగా తోచింది. వాడిన టికెట్లు పోగుచేసుకునే పిల్లల్ని ఆయన చాలామందిని చూశారు. సోమవారం వచ్చి పట్టుకుపొమ్మన్నారు.

మధ్యాహ్నం గంట కొట్టారు గాని సలోమి భోజనానికి లేవలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మా అక్క కార్డు గూడా అందులోనే ఉండాది సార్."

"తెలుసు."

"తెలిసి ఏం జేస్తుండారు?"

ఆ కార్డు ఒక్కటీ తీసేద్దామా అంది. కుదరదన్నాను. మేనేజరు గారు కార్డులు లెక్కపెట్టించి సంతకం పెట్టారు. పైగా అందరి కార్డులూ ఉండి ఒక్కరిదే లేకపోతే, మూల చిల్లు ఉన్నందుకే తీసేశారని పిచ్చయ్య ఇట్టే గ్రహిస్తాడు. చిల్లు లేకుండా కొత్త కార్డు కొడదామా అంది. దేని మీద కొట్టాలి? ఖాళీ కార్డులు గొయ్యిలో బూడిదగా ఉన్నాయి. ఈ షెడ్డులో కరుణమ్మకు పని దొరక్కపోతే గూడూరులోనూ దొరకదు. అక్కడి షెడ్లకు మనుషుల్ని పంపేది కూడా పిచ్చయ్య బావమరిదే. కాకిబంగారం తప్ప ఆమెకు వేరే పని రాదు.

"డాక్టరు చీటీ ఉంది కదా," అన్నాను.

"మూల చిల్లు ఉన్నోళ్ళ చీటీ ఎవురు జూస్తారు సార్? చీటీ విప్పేలోపల వాడు ఇంకోళ్ళ పేరు పిలుస్తాడు." నన్ను కాల్చేసేలా చూస్తూ అంది: "డిప్లమా చదివినారు. ఉన్న చిల్లు పూడ్చలేరు. పోనీ, లేనోళ్ళకు గూడా పెట్టేయండి. అందరం ఒకేసారి ఇండ్లకు పోతాం."

ఎత్తిపొడవడానికే ఆ మాట అంది. నాకు మాత్రం అది సాంకేతిక సలహాలాగా వినిపించింది. గ్యాంగ్ పంచ్ అనే యంత్రం ఇంకా అమ్ముడుపోలేదు. ఒకే చిల్లును వరసగా ఎన్ని కార్డులకైనా కొట్టడమే దాని పని. ఉన్న చిల్లు మీద మళ్ళీ కొట్టినా నష్టం లేదు, చిల్లు మీద చిల్లు చిల్లే. కార్డులన్నింటికీ మూల చిల్లు ఉంటే మూల చిల్లుకు అర్థం ఉండదు.

"అట్ట జేస్తే నిజంగా జబ్బున్నోళ్ళ సంగతేంది?" అని సలోమే అడిగింది. మంచి ప్రశ్న. ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంటున్న ప్రతి ఒక్కరి పేరూ అక్కడి పుస్తకంలో ఉంటుందని, మందులిచ్చేది ఆ పుస్తకం చూసేనని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. మా కార్డు చూసి ఇంతవరకు ఎవరూ ఎవరికీ ఒక మాత్ర కూడా ఇవ్వలేదు.

అనుమతి మిగిలింది. మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఒక సందేహం. ప్లాట్‌ఫారం గేటు దగ్గర టికెట్టుకు చిల్లు కొడతారే, అప్పుడు ప్రయాణం అయిపోయినట్టా, మొదలైనట్టా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నెమ్మదిగా, "మొదలైనట్టు," అన్నారు.

"మరి రద్దయ్యేది?"

"దిగిన స్టేషన్లో. కలెక్టరు తీసుకున్నాక." ఆయన ముఖంలో రంగు మారింది. "అయితే ఈ కార్డులు..."

"ఇంకా ప్రయాణంలో ఉన్నాయి సార్."

ఆ మధ్యాహ్నం ఆయన పడిన బాధను వర్ణించలేను. రద్దుకాని టికెట్లను రద్దయ్యాయని సంతకం పెట్టబోయిన మనిషి ఆయన. ఏం చేయాలో చెప్పమన్నారు. ప్రతి కార్డు మీదా ఒకే చోట రద్దు చిల్లు కొట్టాలన్నాను. నడిమధ్యన కొట్టమన్నారు. మూలన అయితే తనిఖీ సులువన్నాను. కట్ట సర్ది ఎత్తి పట్టుకుంటే, అన్నింటికీ చిల్లు పడితే అవతలి వెలుతురు కనబడుతుంది, ఒక్కదానికి పడకపోయినా కనబడదు. తనిఖీ అన్న మాటకు ఆయన కరిగిపోయారు. వయసు, కూలి ఉన్న గళ్ళలో కూడా కొడదామా అని అడిగితే, ఎంత రద్దయితే అంత మంచిదన్నారు.

శనివారం పొద్దున గ్యాంగ్ పంచ్ తీగలు నేనే కలిపాను. సలోమి కార్డులు పెట్టింది. యంత్రం మామూలు కన్నా ఎక్కువ శబ్దమేమీ చేయలేదు. కట్టలు దిగుతుంటే రంగనాయకులు గారు ఒక్కో కట్టనూ కంటికి ఆనించుకుని, రెండో కన్ను మూసుకుని కిటికీ వైపు చూసి, "రైట్" అనేవారు. ఆఖరి కట్ట దాకా అదే మాట. జెండా ఒక్కటే తక్కువ.

సోమవారం పిచ్చయ్య కార్డులు పట్టుకుపోయినాడు. షెడ్డు వాకిట్లో ఆడవాళ్ళందరూ వరసగా నిలబడ్డారు. నేను షెడ్డు అప్పగింత కాగితాలతో అక్కడే ఉన్నాను.

పిచ్చయ్య మొదటి కార్డు తీసి మూల చూసి పక్కన పెట్టినాడు. రెండోదీ పక్కన పెట్టినాడు. కొన్ని చూసేసరికి పక్కన పెట్టినవే కట్టయినాయి, చేతిలో ఏరుకున్నది ఒక్కటీ లేదు.

"ఏందిరా ఇది? ఊరంతా దగ్గుతుండాదా?"

వరసలోంచి ఒక పెద్దామె, "నీ పెండ్లాం అట్ట గూడా జూడు మేస్త్రీ," అంది. పిచ్చయ్య భార్య కూడా షెడ్డు మనిషే. కార్డు వెతికి తీసినాడు. మూలన చిల్లు.

"అయితే నీగ్గూడా అంటుకోనుంటుందిలే. ముందు నువ్వు పక్కకు నిలబడు," అంది ఆమె. వాకిలంతా నవ్వింది. పిచ్చయ్య నా వైపు తిరిగి, "ఏంది సార్ ఈ మాయ?" అన్నాడు. రద్దు ముద్ర అని, మేనేజరు గారి ఉత్తర్వు అని చెప్పాను. పూర్తిగా నిజం.

కార్డులు ఏమీ చెప్పకపోతే మనుషుల్ని చూడాల్సి వస్తుంది. కొత్త యజమాని గుమాస్తాకు అంత తీరిక లేదు. ఆసుపత్రి చీటీ ఉన్నవాళ్ళు చూపండి, లేనివాళ్ళు వెళ్ళి పరీక్ష చేయించుకుని తెండి, చీటీ ఉన్నవాళ్ళకు రాయి ఇచ్చి చీల్పించండి అన్నాడు. కరుణమ్మ చీటీ చూపించి, కత్తి తీసుకుని కూర్చుంది. ఆమె తీసిన రేకును గుమాస్తా ఎండకు పట్టి చూసి టోకెను ఇచ్చినాడు. పిచ్చయ్య ఏదో అనబోయినాడు. "ఏమన్నా అనేదుంటే మీ ఇంట్లో అను అన్నా, ఆడ గూడా మూల చిల్లే," అని కరుణమ్మ టోకెను కొంగున ముడేసుకుని లోపలికి పోయింది.

హెడ్డాఫీసుకు మేము పంపిన ధ్రువపత్రంలో "సమాచారం యావత్తూ భద్రంగా నాశనం చేయబడినది" అని ఉంది. ఆ వాక్యం నిజం కావడం వల్ల కంపెనీ చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం ఉండాలి.

ఈ వృత్తిలోకి రాబోయేవారి కోసం నేను నేర్చుకున్నది రాస్తున్నాను. సమాచారం కార్డులో ఉండదు, చిల్లులో కూడా ఉండదు. ఒక కార్డుకూ మరో కార్డుకూ మధ్య ఉన్న తేడాలో ఉంటుంది. తేడా పోగొడితే కార్డులను బజార్లో పంచిపెట్టవచ్చు. తేడా మిగిల్చి కాలిస్తే బూడిద కూడా ఎవరో ఒకరు చదువుతారు. యంత్రాన్ని రిటైరు చేసే ముందు, అందులోని ఏ గుర్తు ఎవరి పని పోగొడుతుందో కనుక్కోండి. మొదట నాశనం చేయవలసింది దాన్ని. ఫినాయిలు తర్వాత.